భ్యుండార్ పూలలోయ

హిమాలయయాత్ర యనగానే తెలుగువానికి ముందుగా జ్ఞప్తికి వచ్చువాడు ప్రవరుడు. సిద్ధుడిచ్చిన పాదలేపముతో రెప్పపాటులో మంచుకొండ చేరిన ఆ గృహస్థు, ఆ లేపము మంచునీటిలో కరగిపోగా ఇల్లు చేరు దారి తెలియక తపించిన కథను అల్లసాని పెద్దన మనుచరిత్రమున చెప్పియున్నాడు. మాకు అట్టి లేపమేదియు దొరకలేదు. హృషీకేశము నుండి రెండు దినములు బస్సులలో కూర్చుండి, గోవిందఘాటులో తలకొక చేతికఱ్ఱ కొనుక్కొని, అలకనంద వంతెన దాటితిమి. కఱ్ఱకు ఒక సుగుణము కలదు. అది మంచుకు కరగదు.

మేము చేరదలచినది ఉత్తరాఖండ రాష్ట్రమున చమోలీ జిల్లాలోని పూలలోయ. గోవిందఘాటు బదరీనాథమునకు పోవు మార్గముననే కలదు. బదరీయాత్రికులలో పెక్కుమంది దానిని బస్సు కిటికీలోనుండి చూచి సాగిపోవుదురు. అచట పెద్దదారిని విడిచి లక్ష్మణగంగ వెంట కొండలోనికి మరలవలెను. పుల్నా వరకు జీపులు పోవును. అటుపిమ్మట పది కిలోమీటర్లు కాలినడకయే, నడవలేనివారికి కంచరగాడిదలు. నడుమ భ్యుండార్ గ్రామము. 2013 జూను నెలలో వచ్చిన మహావరద ఈ గ్రామమును, దానితోపాటు నడకదారిని ధ్వంసము చేసినది. ఇప్పటి బాట అటుపిమ్మట వేసినది. మాకు దారి చూపినవాడు ఈ గ్రామమునకు చెందిన వృద్ధుడు. ఆతని వయస్సు మేమడుగలేదు గాని, ఊపిరి మాత్రము మా అందరికంటె చిన్నది.

సాయంకాలమునకు ఘంగరియా చేరితిమి. సముద్రమట్టమునకు 3,000 మీటర్ల పైచిలుకు ఎత్తు. దీనిని ఊరనుటకు వీలులేదు. శీతకాలమున మంచు కప్పివేయగా అందరును క్రిందికి దిగిపోవుదురు. ఇచటనే దారి రెండుగా చీలును. ఒకటి హేమకుండమునకు, మఱియొకటి పూలలోయకు. వేలకొలది యాత్రికులు మొదటిదారిని పట్టుదురు. మేము ముందుగా రెండవదానిని పట్టితిమి.

పుష్పవతీ నదిని దాటి, భూర్జవృక్షముల నడుమ కొంత ఎక్కవలెను. మనవారికి తాటాకు ఎట్టిదో, ఉత్తరాది పండితులకు ఈ చెట్ల బెరడు అట్టిది. ఎన్నియో ప్రాచీన గ్రంథములు దానిపై వ్రాయబడినవి. చెట్లు పలుచబడినంతనే లోయ తెరచుకొన్నది. చినుకులు పడుచుండెను. మేఘములు తొలగినపుడెల్ల నిలువెత్తు కొండగోడలు, వాని తలలపై మంచు, పాదముల వద్ద పూలు. గులాబివన్నె కాశీతుమ్మలు భుజములెత్తున గుంపులుగా నిలిచియున్నవి. రాతిసందులలో ముండ్లకాడపై నీలపు గసగసాల పూవు ఒంటరిగా ఊగుచున్నది. పడగ విప్పిన నాగును పోలిన పూవొకటి కనుపించి మాలో ఒకరిని ఉలికిపడజేసినది. మన పచారి దుకాణములలో ఎండిన వేళ్ళుగా మాత్రమే ఎఱిగిన అతివస, కటుకరోహిణి, జటామాంసి పుట్టినిల్లు ఇట్టి మెట్టలే. అతివస పూవు ఊదాగీతలు గల చిన్న ముసుగువలె నుండును. ఈ మందును చిన్ననాడు తేనెలో అరగదీసి నాకించిన పెద్దవారు దాని పూవును చూడనేలేదు గదా యని అనుకొంటిమి. పూలు అన్నియు ఒక్కసారి పూయవు. వారమువారమునకు లోయ రంగు మారుచుండును. ఐదువందలకు పైగా పూలజాతులను శాస్త్రజ్ఞులు ఇచట లెక్కించియున్నారు.

ఈ లోయకు పూలలోయయను పేరు పెట్టినవాడు ఆంగ్లేయ పర్వతారోహకుడు ఫ్రాంక్ స్మైత్. 1931లో కామెట్ శిఖరమును ఎక్కి, తిరుగుదారిలో వాన, మంచుల నుండి తప్పించుకొనుచు భ్యుండార్ కనుమ దాటి అతడును, అతని సహచరులును ఇచట దిగిరి. 1937లో మరల వచ్చి, పూలను సేకరించి, మరుసటి యేట పుస్తకము ప్రచురించెను. అందుచేత స్మైత్ ఈ లోయను కనుగొనెనని వ్రాయుట వాడుకయైనది. ఈ మాట మాకు రుచింపదు. అంతకు ఎన్ని తరముల ముందునుండియో భ్యుండార్ ప్రజలు వేసవిలో గొఱ్ఱెలను ఇచటికి తోలుకొని వచ్చుచుండిరి. ఇచట వనదేవతలు విహరింతురని, గట్టిగా కేకలు వేసినను, పూలు తెంపినను వారు మనుష్యులను ఎత్తుకొనిపోవుదురని వారి నమ్మకము. మా వృద్ధుని నమ్మకము ఎంతవరకో తెలియదు గాని, లోయలో అడుగుపెట్టిన క్షణమునుండి ఆతని గొంతు తగ్గినది. చూచి మాదియు తగ్గినది.

లోయలో ఒక సమాధి కలదు. స్మైత్ గ్రంథము వెలువడిన పిమ్మట పూలమొక్కల సేకరణకై వచ్చిన జోన్ మార్గరెట్ లెగ్ అను ఆంగ్లవనిత 1939 జూలై 4వ తేదీన రాతివాలుపై కాలుజారి మరణించెను. ఆమెకు 54 ఏండ్లు. కూలీలు ఆమెను లోయలోనే పాతిపెట్టిరి. తరువాత ఆమె సోదరి వచ్చి శిలాఫలకము నిలిపించినది. నేటికిని బాటసారులు దానిపై పూలుంచుచున్నారు. నేలరాలిన పూలనే ఉంచుడని మా వృద్ధుడు హెచ్చరించెను.

1982లో ప్రభుత్వము ఈ లోయను జాతీయ వనముగా ప్రకటించినది. 2005లో ప్రపంచ వారసత్వ స్థలముల పట్టికలో చేరినది. గొఱ్ఱెలు మేపుట నిషిద్ధమైనది. ఉద్దేశము మంచిదే. మందలు మితిమీరినచోట మొక్క మిగులదు; ఓషధుల వేళ్ళు త్రవ్వి అమ్ముకొనువారును ఉండిరి. కాని పిమ్మట జరిగినది ఆలోచింపదగియున్నది. అమేల యను ఒక మొక్క నిలువెత్తు పెరిగి, తెల్లని పూలు పూచి, తన నీడలో చిన్నమొక్కలను బ్రతుకనీయక వ్యాపింపజొచ్చినది. అది పరదేశపు కలుపు కాదు, ఈ కొండలలో పుట్టినదే. లేతచిగుళ్ళను మేయు గొఱ్ఱెలు పోయినందుననే అది పెచ్చుపెరిగినదని కొందఱు శాస్త్రజ్ఞులు వాదింతురు. కొండచరియలు విరిగినచోట, పూర్వము మందలు పండిన ఎరువునేలలలో మాత్రమే అది ప్రబలుననియు, నిషేధమునకు దానికి సంబంధము లేదనియు మఱికొందఱు అందురు. అటవీశాఖవారు ఏటేట దానిని పెఱికించుచున్నారు.

వృద్ధుని అడిగితిమి. బాల్యమున ఆతడు ఈ లోయలో గొఱ్ఱెలు కాచినవాడు. "బాబూజీ, మా మంద మేసినప్పుడును పూలు ఉండెను. ఏ వాలును ఎన్నినాళ్ళు మేపవలెనో మా తాతకు తెలియును. ఆ లెక్క నాకు సగమే వచ్చును, నా కొడుకునకు అసలే రాదు" అనెను. మందలను మరల తోలవలెనని మేమనము. గొఱ్ఱె మేతతోనే సమస్య తీరునని చెప్పుటకు ఆధారము చాలదు. కాని ఆ లెక్కను ఆతని నుండి ఎవరైనను వ్రాసికొనినచో బాగుండును. వృద్ధులు చిరకాలము ఉండరు. బాటవెంట చెత్తను ఏరుపని నేడు భ్యుండార్ గ్రామస్థుల సమితియే చూచుచున్నది. తెలిసినవారికి చీపురు మాత్రమే ఇచ్చి, తెలివిని అడుగకుండుట న్యాయముగా తోచదు.

మఱునాడు హేమకుండము. ఆరు కిలోమీటర్ల దారిలో వేయి మీటర్లకు పైగా ఎక్కవలెను, రెండడుగులకొకసారి నిలిచితిమి. పైన ఏడు శిఖరముల నడుమ నిశ్చలమైన సరస్సు, దాని తీరమున సిక్కుల గురుద్వారము. గురు గోవిందసింగు పూర్వజన్మమున తపమాచరించిన స్థలముగా బచిత్తర్ నాటకము హేమకుండమును పేర్కొనుచున్నది. అది ఈ సరస్సేయని 1930 తరువాతి దశకమున సోహన్ సింగు అను భక్తుడు నిర్ణయించెను. కొండప్రజలకు ఇది లోకపాలము. లక్ష్మణుడు తపస్సు చేసిన చోటు. గురుద్వారము ప్రక్కనే లక్ష్మణుని చిన్న గుడి కలదు. మంచునీట మునిగి వణకుచు వచ్చినవారికి, మతభేదము లేక, వేడి కిచిడియు తేనీరును పెట్టుదురు. అంత రుచిగల కిచిడిని మేము క్రింద ఎచటను తినలేదు.

బ్రహ్మకమలములు ఈ ఎత్తుననే పూయును. పలుచని లేతపసుపు రేకులవంటి పత్రములు లోపలి ఊదాపూలను దొన్నెవలె కప్పియుండును. నందాష్టమికి ముందు వీనిని కోయరాదని ఈ ప్రాంతపు కట్టుబాటు. అప్పటికి గింజ ముదురును. ఆ కట్టుబాటు ఎవరు పెట్టిరో గాని, మొక్క సంగతి ఎఱిగినవారే పెట్టియుందురు.

సంజీవనికై ఆంజనేయుడు వచ్చినది ఈ కొండలకేయని ఇచటివారి విశ్వాసము. ఇదే జిల్లాలో ద్రోణగిరి యను గ్రామము కలదు. ఆ ఊరివారు హనుమంతుని పూజింపరు. కారణమడిగినచో, కావలసినది ఒక్క మొక్కయైనప్పుడు తమ కొండనే పెకలించుకొని పోయెనని చెప్పుదురు. రామకార్యమైనను వారు ఇంకను క్షమింపలేదు.

పోదలచినవారికి ఒకటి రెండు మాటలు. వనము జూన్ 1 నుండి అక్టోబరు 31 వరకు తెరచియుండును. పూలు నిండుగా నుండునది జూలై నడుమ నుండి ఆగస్టు నడుమ వరకు. లోయలో రాత్రి బస చేయనీయరు. వానకాలమున కొండచరియలు విరిగి బదరీమార్గము ఒక్కొక్కప్పుడు మూతపడును గనుక, తిరుగు రైలునకు రెండు మూడు దినములు అదనముగా విడిచి టిక్కెట్టు కొనుట మంచిది.