సర్టిఫికెట్ చేతికొస్తేనే చదువు కూడు పెట్టేది

(అంబేడ్కర్ జయంతి సందర్భంగా దళితవాడ సభలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



ఇంకొన్ని రోజుల్లో పదో తరగతి ఫలితాలు వస్తాయి. పిల్లల్ని కాలేజీకి పంపాలా, కూలికి పంపాలా అని మన ఇళ్లల్లో తర్జనభర్జన మొదలవుతుంది. "చదువుకున్నోడు ఏం బావుకున్నాడు?" అని అడిగేవాళ్లూ ఉంటారు. అడగనీయండి. జవాబు చెప్పుకుందాం.

ఐ.టి.ఐ.లో వెల్డర్ కోర్సు ఒక ఏడాది. ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ రెండేళ్లు. పాలిటెక్నిక్ డిప్లొమా మూడేళ్లు. రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్ కావాలంటే పదితో పాటు ఐ.టి.ఐ. గానీ, డిప్లొమా గానీ ఉండాలి. కరెంటు కంపెనీలు జూనియర్ లైన్‌మన్‌కు ఎలక్ట్రీషియన్ ఐ.టి.ఐ. అడుగుతాయి. డిప్లొమా చేసిన పిల్ల ఈసెట్ రాసి ఇంజనీరింగ్ రెండో ఏడాదిలోనే చేరొచ్చు. అయితే ఇవన్నీ సర్టిఫికెట్ చేతిలో ఉన్నోళ్లకే. ఏడాదిన్నర చదివి మానేస్తే సగం ఉద్యోగం ఎవడూ ఇవ్వడు. చదివినన్నాళ్ల కూలి పోతుంది, చేసిన అప్పు మిగులుతుంది.

మరి మన పిల్లలు మధ్యలో ఎందుకు మానేస్తున్నారు? తెలివి లేకనా? కాదు. డబ్బు సమయానికి రాక!

పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ 1944లో మొదలైంది. అప్పుడు బాబాసాహెబ్ వైస్రాయ్ కౌన్సిల్‌లో సభ్యుడు. ఇది దొరల దానం కాదు, మనవాళ్లు పోరాడి తెచ్చుకున్న హక్కు. 2021 మార్గదర్శకాల ప్రకారం ఖర్చులో కేంద్రం 60 పాళ్లు, రాష్ట్రం 40 పాళ్లు భరించాలి. రాష్ట్రం తన వాటా విడుదల చేశాకే కేంద్రం వాటా విద్యార్థి ఖాతాలో పడుతుంది. అంటే రాష్ట్రం 40 ఆపితే ఆ 60 కూడా ఆగినట్టే.

ఫీజు సంగతి అలా ఉంచండి, తిండి బట్టల సంగతి చూడండి. అవే మార్గదర్శకాల్లో ఐ.టి.ఐ., పాలిటెక్నిక్ పిల్లలకు రాసిన భత్యం హాస్టల్లో ఉంటే ఏడాదికి 4,000, ఇంటి నుంచి వెళ్లొస్తే 2,500 రూపాయలు. 2025–26లో మన దగ్గర ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. లెక్క కట్టండి. ఇంటి నుంచి వెళ్లొచ్చే పిల్లకు ఏడాది చదువుకు ఇచ్చేది ఎనిమిది రోజుల మట్టి పని కూలి! ఇంట్లో గడవకపోతే ముందు మానిపించేది ఆడపిల్లనే.

సాయం మధ్యలో ఆగితే ఎంతటివాళ్లకైనా ఇదే గతి. 1913లో బాబాసాహెబ్ బరోడా సంస్థానం స్కాలర్‌షిప్‌తో కొలంబియా యూనివర్సిటీకి వెళ్లాడు. ఆ గడువు తీరిపోగానే 1917లో లండన్ చదువు వదిలేసి తిరిగి రావాల్సొచ్చింది. మళ్లీ డబ్బు కూడబెట్టుకుని, స్నేహితుడి దగ్గర అప్పు తీసుకుని, సాహూ మహారాజ్ సాయంతో 1920లో వెళ్లి పూర్తి చేశాడు. ఆయన పట్టుదల మనకు ఆదర్శం. ఆయన పడ్డ ఆ కష్టం మాత్రం మన పిల్లలకు వద్దు.

ఇంకో ఘోరం. ప్రభుత్వం ఫీజు బకాయి పెడితే కొన్ని కాలేజీలు పిల్లల సర్టిఫికెట్లు తొక్కిపెడుతున్నాయి. సర్కారు బాకీకి మన బిడ్డ తాకట్టా? డిగ్రీ కాలేజీలు ఒరిజినల్స్ అట్టిపెట్టుకోరాదని యు.జి.సి. 2018లోనే చెప్పింది. అది అన్ని కోర్సులకూ గట్టిగా అమలు కావాలి.

అందుకని మనం చేయాల్సిన పనులు:

చేరకముందే కోర్సుకు గుర్తింపు ఉందో లేదో కనుక్కోవాలి. బోర్డు చూసి మోసపోవద్దు.

కుల, ఆదాయ సర్టిఫికెట్లు తహసీల్దారు దగ్గర ఇప్పుడే తీసుకోవాలి. పిల్ల పేరు మీద బ్యాంకు ఖాతా తెరిచి ఆధార్ కలపాలి.

వాడవాడనా స్కాలర్‌షిప్ రానివాళ్ల పట్టిక రాయాలి. ఒక్కొక్కరుగా ఆఫీసు చుట్టూ తిరగొద్దు. అందరం కలిసి జిల్లా సాంఘిక సంక్షేమ అధికారిని నిలదీయాలి.

పట్టిక రాసే పని మా ఉపాధ్యాయులం మీదేసుకుంటాం. ఆఫీసుకు కదలడం మీ వంతు.

బకాయిలు వెంటనే విడుదల చేయాలి! భత్యం పెంచాలి! మన పిల్లల సర్టిఫికెట్లు మన చేతికి ఇవ్వాలి!

జై భీమ్!