తిమ్మక్కగారి వంశవృక్షం

పాల ఉత్పత్తిదారుల సహకార సంఘాల సభ్యుల శిక్షణ శిబిరంలో సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం



సభ్యత్వ రికార్డుల గురించి నాలుగు మాటలు చెప్పవలసిందిగా మమ్మల్ని కోరారు. రికార్డులు అనగానే వెనక వరుసలవారికి గొడ్లకు నీళ్ళు పెట్టే వేళ గుర్తుకు వస్తుందని మాకు తెలుసు. అందుచేత ముందుగా ఒక దీర్ఘాయుష్మంతురాలి కుటుంబ చరిత్ర చెబుతాము. రిజిస్టరు సంగతి అందులోనే వస్తుంది.

పొరుగున ఉన్న కర్ణాటక రాష్ట్రంలో సాలుమరద తిమ్మక్కగారి పేరు మీలో చాలమంది వినే ఉంటారు. సాలుమర అంటే కన్నడంలో బారులు తీరిన చెట్లు. ఆమె 2025 నవంబరు 14న బెంగుళూరులో కాలం చేశారు. వయస్సు 114 సంవత్సరాలని పత్రికలు వ్రాశాయి. ఆ లెక్కన పుట్టింది 1911లో, తుమకూరు జిల్లా గుబ్బి తాలూకాలో. ఆ రోజుల్లో పల్లెటూళ్ళలో ఆడపిల్ల పుట్టిన తేదీని కాగితం మీద పెట్టిన ఇళ్ళు అరుదు. జనన మరణాల నమోదుకు దేశమంతటికీ ఒకే చట్టం 1969లో గాని రాలేదు. కాబట్టి ఆ తరం ఆడవారి వయస్సుకు ఇంటివారి జ్ఞాపకం, ఊరివారి మాటే ఆధారం.

ఆమె బడికి పోలేదు. రాళ్ళ క్వారీలో కూలిపని చేశారు. మాగడి తాలూకా హులికల్ గ్రామానికి చెందిన చిక్కయ్యగారికి ఇచ్చి పెళ్ళి చేశారు. ఏళ్ళు గడిచినా సంతానం కలగలేదు. సంతానం లేని ఆడదాన్ని మన పల్లెలు ఏమంటాయో ఈ సభలో వివరించనవసరం లేదు. శుభకార్యాలలో పక్కన నిలబెట్టడం, ఎదురొస్తే ముఖం తిప్పుకోవడం మన వైపునా ఉన్నదే. వంశవృక్షం వ్రాసేవారు ఇలాంటి పేరు దగ్గరకు వచ్చేసరికి “సంతానం లేదు” అని రెండు మాటలు వ్రాసి గీత గీస్తారు. ఆ శాఖ అక్కడితో సరి.

తిమ్మక్కగారి దగ్గర ఆ గీత నిలవలేదు. వారి ఊరి దగ్గర మర్రిచెట్లు విస్తారం. భార్యాభర్తలు ఆ మర్రినుండే మొక్కలు తయారుచేసి, హులికల్ నుండి కుదూరు వెళ్ళే దారికి ఇరువైపులా నాటడం మొదలుపెట్టారు. మొదటి ఏడు 10 మొక్కలు, రెండో ఏడు 15, మూడో ఏడు 20. మూడేళ్ళకు మొత్తం 45. వానాకాలం చూసి నాటేవారు. ఆ వానలతో వేరు పట్టి, మరుసటి వానల నాటికి మొక్క నిలదొక్కుకునేది. వానలు లేనప్పుడు నాలుగు బిందెల నీళ్ళు నాలుగు కిలోమీటర్ల దూరం మోసి పోసేవారు. గొడ్లు మేయకుండా చుట్టూ ముళ్ళకంప కట్టేవారు. ఇక్కడ మనం కొంచెం తల వంచుకోవాలి. మొక్కకు మొదటి శత్రువు మన పశువే! ఖర్చు వారిదే, రెక్కల కష్టమూ వారిదే. ఈ విధంగా ఆ దారి పొడుగునా పెరిగిన మర్రిచెట్ల సంఖ్య 385 అని చెబుతారు. అవే తన పిల్లలని ఆమె అనేవారు.

ఈ లెక్కను పాలవాళ్ళు బాగా అర్థం చేసుకోగలరు. పూటకు రెండు లీటర్లు పోసే ఇంటిని చూసి, “ఈ రెండు లీటర్లతో సంఘం ఏమవుతుంది?” అని నవ్వేవారు ప్రతి ఊరిలోనూ ఉంటారు. మొదటి ఏడు పది మొక్కలు చూసినవారూ అలాగే నవ్వి ఉంటారు. పూట తప్పకుండా పోసే చిన్న క్యానే సంఘాన్ని నిలబెడుతుంది.

చిక్కయ్యగారు 1991లో మరణించారు. ఆ తరువాత ఆమె ముప్పై ఏళ్ళకు పైగా బ్రతికారు. ఒక యువకుడిని కొడుకుగా చేసుకున్నారు. ఆ దారి చెట్ల సంరక్షణను కర్ణాటక ప్రభుత్వం స్వీకరించింది. 2019లో ఆమెకు పద్మశ్రీ వచ్చింది. రాష్ట్రపతి భవనంలో పురస్కారం అందుకుంటూ ఆమె రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్‌గారి తల మీద చేయి వేసి దీవించారు. ఇంటి పెద్ద ఎక్కడ ఉన్నా ఇంటి పెద్దే.

అదే 2019లో బాగేపల్లి–హలగూరు రోడ్డు వెడల్పు చేసే పనిలో ఆ చెట్లకే ముప్పు వచ్చింది. నూరేళ్ళు దాటిన ఆ తల్లి ముఖ్యమంత్రిని కలిసి, చెట్లు కొట్టవద్దని కోరుకున్నారు. ప్రభుత్వం వేరే మార్గం చూస్తామన్నది.  ఆ చెట్లలో ఒక్కటీ ఆమె పేర పట్టా అయినది కాదు. వారసులకు పంచడానికి వీలైన ఆస్తీ కాదు. ఆ దారిన పోయేవారందరికీ ఆ నీడలో భాగం ఉన్నది.

సహకార డిప్లొమా చదివిన రోజుల్లో మేము రిజర్వు నిధి గురించి పేజీలకు పేజీలు వల్లించాము. సభ్యుడు పోయినా, మానుకున్నా, ఆ నిధిలో తన భాగం విడదీసి పట్టుకుపోవడానికి వీలుండదు. తరువాతి వారికోసం అది సంఘంలోనే ఉంటుంది. ఆ పాఠానికి ఆ మర్రిచెట్ల బారు కంటే మంచి ఉదాహరణ మాకు మరొకటి దొరకలేదు.

ఇక మన రిజిస్టరు దగ్గరకు వద్దాము. తనిఖీకి వెళ్ళిన ఊళ్ళలో మేము చూసేది ఇది. తెల్లవారుజామున లేచి పేడ తీసేది, గడ్డి కోసేది, పాలు పితికేది ఎక్కువ ఇళ్ళలో ఆడవారే. పుస్తకం తెరిస్తే సభ్యత్వం మగవారి పేర ఉంటుంది. సభ్యుని పేరు ఎదుట నామినీ గడి చాలచోట్ల ఖాళీగా ఉంటుంది. సభ్యుడు హఠాత్తుగా పోతే వాటా ధనం, రావలసిన బోనసు సంఘం ఖాతాలో ఆగిపోతాయి. ఆ గేదెను ఇరవై ఏళ్ళు సాకిన మనిషి ధ్రువపత్రాల కోసం కార్యాలయాల చుట్టూ తిరుగుతుంది. పిల్లలు లేని ఇల్లయితే ఆ తిరుగుడు రెట్టింపు. దాయాదులు తయారవుతారు.

అందుచేత మూడు పనులు చేయవలసిందిగా మనవి చేస్తున్నాము.

మొదటిది: పశువును సాకే స్త్రీని, మీ సంఘం నియమావళి ఒప్పుకున్నంత మేరకు, ఆమె సొంత పేర సభ్యురాలిగా చేర్చండి. పాల డబ్బు ఆమె బ్యాంకు ఖాతాలో పడేటట్లు చూడండి. “ఫలానావారి భార్య” అని సరిపెట్టక, ఆమె పేరు పూర్తిగా వ్రాయండి.

రెండవది: నామినీ గడి నింపండి. పెంచుకున్న పిల్లలున్నవారు ఈ మాట ప్రత్యేకంగా వినాలి. చట్టప్రకారం దత్తత జరగని పెంపుడు బిడ్డకు, వీలునామా లేకపోతే, హిందూ వారసత్వ చట్టం క్రింద ఆస్తి దానంతట అదే రాదు. సంఘంలో నామినీ పేరు వ్రాయించడం ఎంత అవసరమో, ఇల్లూ పొలమూ ఉన్నవారు వీలునామా వ్రాయించడం అంత అవసరం. ముసలితనంలో చూసినవారికి మీరు ఇవ్వదలచినది వారికే చేరాలంటే కాగితం కావాలి. ప్రేమ ఒక్కటే చాలదు.

మూడవది: పాలకేంద్రం ఆవరణలో గాని, పశువులు నిలిచే చోట గాని ఈ వానాకాలం కొన్ని నీడనిచ్చే మొక్కలు నాటండి. గేదె ఒళ్ళు నల్లన, చెమట గ్రంథులు తక్కువ. ఎండకు ఆగలేదు. నీడ లేకపోతే మేత తగ్గుతుంది, పాలు తగ్గుతాయి. మొక్క నాటిన రోజునే ముళ్ళకంపా కట్టండి, నీళ్ళు పోసే వంతు ఎవరిదో తీర్మానాల పుస్తకంలో పేరుతో సహా వ్రాయండి. వంతు వ్రాయని మొక్క వేసవికి మిగలదు.

మీ ఊళ్ళో ఎనభై, తొంభై దాటిన అవ్వ ఉంటే ఆమె పుట్టిల్లు, మెట్టినిల్లు, ఏ ఏడు ఏ గొడ్డు ఇంటికి వచ్చింది, ఏ కరువులో ఏమి అమ్ముకున్నారు, ఇవన్నీ ఆమె నోట విని ఒక నోటుపుస్తకంలో దింపండి. ఆమె పోతే అడగడానికి మరొకరుండరు. పిల్లలు లేని అవ్వ అయితే ముందుగా ఆమె దగ్గరకే వెళ్ళండి. “సంతానం లేదు” అని గీత గీసే ముందు, ఆమె చేతి మీదుగా ఈ ఊళ్ళో ఏమేమి పెరిగాయో అడగండి.

ఫారాలు కార్యదర్శిగారి దగ్గర ఉన్నాయి. వేలిముద్ర అయినా చెల్లుతుంది. భోజనాలకు లేచే ముందే నామినీ గడి నింపి వెళ్ళవలసిందిగా ప్రార్థిస్తూ సెలవు తీసుకుంటున్నాము.