బీడీ లెక్క, దుమ్ము లెక్క

పొగ మానమని చెప్పడానికే మమ్మల్ని పిలిచారు. మీలో తాగేవాళ్లు ఉంటే ఈరోజే మానండి. కానీ కోలారు గనుల ఊళ్లో ఆ ఒక్క మాట చెప్పి కూర్చుంటే మాకు మనసొప్పదు.

లోపలికి వెళ్లిన పొగను శాస్త్రం ఎంత శ్రద్ధగా కొలుస్తుందో ముందు వినండి. ప్రయోగశాలల్లో ఎలుకల చేత పొగ పీల్పిస్తారు. ఎన్ని సిగరెట్లు కాల్చామన్నది అక్కడ సరిపోయే లెక్క కాదు. ఎలుక ముక్కుతోనే ఊపిరి తీస్తుంది, ఘాటు తగిలితే కొంచెం కొంచెంగా పీలుస్తుంది. పెట్టె నిండా పొగ నింపితే బొచ్చుకు అంటినది నాకి మింగుతుంది. అందుకని సన్నని గొట్టంలో కదలకుండా పెట్టి, ముక్కుకు మాత్రమే పొగ అందించే పద్ధతి ఒకటి ఉంది. తర్వాత రక్తం తీసి చూస్తారు. నికోటిన్ త్వరగా పోతుంది. మనిషి రక్తంలో సుమారు 2 గంటలకే సగమవుతుంది, ఎలుకలో ఇంకా ముందే. కాలేయం దాన్ని కొటినిన్‌గా మారుస్తుంది. మనిషిలో అది సగం కావడానికి సుమారు 16 గంటలు పడుతుంది కాబట్టి దాన్ని కొలుస్తారు.

బిలాము గాడిదకు దేవుడు నోరిచ్చాడు. ఈ ఎలుకకు రక్తమే నోరు. దానికి ఇంత బాధ అవసరమా అని అడగడం కూడా క్రైస్తవుల పనేనని మేము అనుకుంటాం.

ఇక మనుషుల సంగతి. చిత్తూరు వైపు నుంచి, తమిళ జిల్లాల నుంచి వచ్చి ఇక్కడ 3 కిలోమీటర్లకు పైగా లోతుకు దిగినవాళ్లు మన తాతలు, ఎక్కువమంది దళితులు. రాయిని తొలిస్తే లేచేది సిలికా దుమ్ము. అది ఊపిరితిత్తులను మచ్చలు కట్టించి బిగుసుకుపోయేలా చేస్తుంది. అదే సిలికోసిస్. దానివల్ల క్షయ ముప్పూ పెరుగుతుంది. మైసూరు సంస్థానం 1940లోనే సిలికోసిస్ నిబంధనలు తెచ్చింది. 1940-46 మధ్య పరీక్షించిన ఈ గని కార్మికుల్లో నూటికి 40 మందికి పైగా ఆ జబ్బు కనిపించింది. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. జబ్బు మాత్రం మనుషులతోపాటు ఇళ్లకు వచ్చింది.

ఒక ఇంటికి ప్రార్థనకు వెళ్లాం. పరిహారం అడగబోతే "మీ ఆయన బీడీలు తాగేవాడు కదమ్మా" అని పంపేశారట. ఆ తల్లి మాతో అంది: "తాగేవాడు నాయనా, రోజుకు నాలుగు. దుమ్ము ఎన్ని గంటలు తాగాడో ఎవరూ అడగలేదు."

బీడీ వల్ల సిలికోసిస్ రాదు. పొగ, సిలికా రెండూ కలిస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు ఎక్కువవుతుంది, నిజమే. కానీ కొటినిన్ పరీక్ష చెప్పేది గడిచిన కొద్ది రోజుల పొగ సంగతి. ముప్పై ఏళ్ల దుమ్ము గురించి అది ఒక్క ముక్క చెప్పదు. ఎలుక పీల్చిన పొగకు లెక్క ఉంది. మీ తాత పీల్చిన దుమ్ము లెక్క రాసిన కాగితం మీ ఇంట్లో ఉందా? ఈ రాత్రి ఇంట్లో పెద్దవాళ్లను అడగండి.

ఏ గని, ఎన్నేళ్లు, డ్రిల్లు పనా, ట్రాలీ పనా, దగ్గు ఎప్పుడు మొదలైంది, ఇవన్నీ ఆయన నోటనే విని రాసుకోవాలి. ట్రంకుపెట్టెలో పాత ఎక్స్‌రేలు, సర్వీసు కాగితాలు ఉంటే పారేయనివ్వకండి. వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక మారికుప్పంలో మొదలుపెడదాం. నోటుపుస్తకాలు మేము తెస్తాం.