ఎర్రగడ్డలకు అమ్మిన టేప్‌రికార్డరు



"పాత ఇనుమూ, పాత ప్లాస్టిక్కూ, చెడిపోయిన రేడియోలూ, టేప్‌రికార్డర్లూ కొంటామమ్మా!" అనే కేక మీ వీధిలోనూ వినపడుతూనే ఉంటుంది. మా ఓర్వకల్లులో ఆ బండివాడు దుడ్లు కావాలన్నవాళ్లకు దుడ్లిస్తాడు, లేదంటే ఎర్రగడ్డలు తూచి ఇస్తాడు. ఎర్రగడ్డలంటే కోస్తా అక్కయ్యలు తికమక పడతారేమో. మా సీమలో ఉల్లిగడ్డను అట్లాగే అంటాం. తమాషా ఏమిటంటే హైదరాబాదులో ఎర్రగడ్డ అని ఒక పేటే ఉంది. ఆదివారం వచ్చిందంటే అక్కడ రోడ్డు పక్కన పాత సామాన్ల సంత. మన గుమ్మంలో ఎర్రగడ్డలకిచ్చిన టేప్‌రికార్డరు ఎప్పుడో ఒక ఆదివారం ఆ ఎర్రగడ్డలో గోనెపట్టా మీద కూర్చుని కనపడినా కనపడవచ్చు. అప్పుడు దాన్ని ఉల్లిగడ్డల లెక్కన మాత్రం ఇవ్వరు. కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి అని పెద్దవాళ్లు ఊరికే అన్నారా!

ఈ రోజుల్లో, పాట కావాలంటే సెల్‌ఫోనులో వస్తున్నప్పుడు, పాత టేప్‌రికార్డరు వెతుక్కోవడం ఏమిటని మీకు అనిపించవచ్చు. నిజమే. పాటల కోసమే అయితే నేనూ వద్దనే అంటాను. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారి వేంకటేశ్వర సుప్రభాతం 1963లో రికార్డుగా వచ్చింది. ఘంటసాల గారి భగవద్గీత 1974లో, ఆయన పోయిన తరువాత విడుదలైంది. ఇవి రెండూ ఇప్పుడు ఏ ఫోనులో అడిగినా పలుకుతాయి. డి.వి. సుబ్బారావు గారి హరిశ్చంద్ర పద్యాల క్యాసెట్టు అరిగిపోయినా మరొకచోట దొరుకుతుంది. కాని మీ అటక మీద ట్రంకుపెట్టెలో ఇంకొక రకం క్యాసెట్లు ఉంటాయి. పైన పెన్నుతో "పాప బారసాల" అనో, "అమ్మమ్మ మంగళహారతులు" అనో, ఒట్టి "1988" అనో రాసి ఉంటుంది. అవి ప్రపంచం మొత్తానికీ ఒక్కొక్కటే. వాటిని పలికించే యంత్రం ఇంట్లో లేకపోతే ఆ పెట్టెలో ఉన్నది ఒట్టి ప్లాస్టిక్కే కదా! అందువల్ల బజారుకు బయలుదేరే ముందు పెట్టె దించండి. ఏమున్నాయో చూసుకోండి. సొంత గొంతులేవీ లేకపోతే ఈ బేరం మీకు అక్కరలేదు. ఆ దుడ్లు పొదుపులో వేసుకోండి.

మా రాయలసీమలో ఈ క్యాసెట్లకు ఒక ప్రత్యేక చరిత్ర ఉంది. అప్పటి కడప జిల్లా రాజంపేట, రాయచోటి ప్రాంతాల నుంచి ఎంతోమంది కువైట్‌కు బతకబోయారు. సెలవుకు వచ్చేటప్పుడు భుజాన ఒక టూ ఇన్ వన్ మోసుకొచ్చేవాళ్లు. అంటే రేడియో, టేప్‌రికార్డరు కలిసినది. నేషనల్ పానసోనిక్ అనో, సోనీ అనో, సాన్యో అనో పేరుంటే ఊరంతా వచ్చి చూసేది. దాన్ని పాటల కోసం తెచ్చేవారనుకుంటాం గాని, ఎన్నో ఇళ్లలో అది ఉత్తరాల పెట్టె. చదువురాని ఇల్లాలు ఇంకొకరి చేత ఉత్తరం రాయించుకోవాలంటే సిగ్గు. అత్తగారి ముందు చదివించుకోవాలంటే మరీ సిగ్గు. క్యాసెట్టయితే తలుపు దగ్గరగా వేసుకుని చెప్పుకోవచ్చు. ఆయన ఒకవైపు మాట్లాడి ఊరికి వచ్చే వాళ్ల చేతికిచ్చి పంపేవాడు. ఈమె రెండోవైపు మాట్లాడి తిరిగి పంపేది.

మా వీధిలో ఒక పెద్దమ్మ ఉంది. రాయచోటి పక్క పుట్టి పెరిగింది, కూతురు ఇక్కడ కాపురముంటే వచ్చి చేరింది. ఆమె దగ్గర అట్లాంటి క్యాసెట్లు మూడు చీర మడతలో ఉన్నాయి. భర్త 1990 ఆగస్టులో ఇరాక్ సైన్యం కువైట్ మీద పడినప్పుడు అక్కడే ఉన్నాడు. ఆ సంవత్సరం మన ప్రభుత్వం లక్షమందికి పైగా భారతీయులను విమానాల్లో వెనక్కి తెచ్చింది. చాలామందిలాగే ఆయన కూడా జోర్డాను దేశం దాకా రోడ్డు మీద వచ్చి, అమ్మాన్‌లో విమానమెక్కి, కట్టుబట్టలతో ఇల్లు చేరాడు. తరువాత కొన్నాళ్లకు కాలం చేశాడు. అంతకుముందు తెచ్చిన టూ ఇన్ వన్‌ను, టీవీ వచ్చిన కొత్తల్లో ఎవరో సామాన్ల బండికి వేసేశారు. పాతికేళ్ల పైగా ఆ మూడు క్యాసెట్లూ మూగగా ఉండిపోయాయి. "పాట పాడేదయితే ఇంకొకటి కొనుక్కుందును గాని మ్మా, ఆయన మాట యాడ కొనేది?" అనేది.

మా మండలంలో 1995 తరువాత, ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వారి సాయంతో, ఆడవాళ్ల పొదుపు సంఘాలు పుట్టాయి. ఓర్వకల్లు పేరు బయటి ప్రపంచానికి తెలిసింది మొదట అందువల్లే, విమానాశ్రయం 2021లో కదా వచ్చింది! పది రూపాయలు కలిపితే పని జరుగుతుందని మా వాళ్లకు ఒకరు చెప్పనక్కరలేదు. పెద్దమ్మ సంగతి విన్నాక నాలుగు ఇళ్లవాళ్లం తలా ఇంత వేసుకుని ఒక యంత్రం కొన్నాం. అది నెలకొక ఇంట్లో ఉంటుంది. పట్నాల్లో ఒకే మేడలో ఇరవై కుటుంబాలు ఉంటారు కదా, ఇరవైమందికీ ఒక టేప్‌రికార్డరు చాలు. ఎవరి పెట్టె ఖాళీ అయ్యాక వాళ్లు పక్కవాళ్లకిస్తే సరి.

ఇక కొనడం. మొదట మీ ఊళ్లో రేడియో రిపేరు అంగడిలో అడగండి. అంగడి పైఅరలో ఎవరో బాగుచేయమని ఇచ్చి, తిరిగి రాక వదిలేసినవి దుమ్ము కొట్టుకుని ఉంటాయి. వాటిలో పనిచేసేది ఏదో ఆయనకే తెలుసు, పైగా రేపు చెడితే ఆయనే దిక్కు. అక్కడ దొరక్కపోతే హైదరాబాదు. మా కర్నూలుకు 210 కిలోమీటర్ల దూరం. ఎర్రగడ్డ సంత ఆదివారం, పురానాపూల్ పక్క జుమేరాత్ బజారు పేరులోనే ఉన్నట్టు గురువారం. బెల్టులూ చిల్లర సామాన్లూ కోఠీలో గుజరాతీ గల్లీలో దొరుకుతాయి. మద్రాసులో మా అమ్మావాళ్ల కాలంలో మూర్ మార్కెట్టని గొప్ప పేరు. 1985లో అది కాలిపోయింది. పాత సామాన్లకు దాని తరువాత అంత పేరు మరి దేనికీ రాలేదు.

బజారుకు పోయేటప్పుడు సంచిలో నాలుగు వస్తువులు వేసుకోవాలి. పోయినా బాధ లేని సినిమా పాటల క్యాసెట్టు ఒకటి, కొత్త బ్యాటరీలు, చెవులకు పెట్టుకునే ఫోను వైరు, కాస్త దూది. మీ అమ్మగారి గొంతున్న క్యాసెట్టు మాత్రం పొరపాటున కూడా తీసుకుపోవద్దు. తెలియని యంత్రంలో దాన్ని పెట్టడమంటే తెలియని కుక్క నోట్లో చెయ్యి పెట్టడమే. టేపు చుట్టలుచుట్టలుగా లోపల చిక్కుకుందంటే అంతే సంగతులు.

అమ్మేవాడు ముందు రేడియో పెట్టి వినిపిస్తాడు. "చూడండమ్మా, ఎంత గట్టిగా పలుకుతోందో" అంటాడు. రేడియో పలికితే టేపు పలికినట్టు కాదు. రేడియోలో తిరిగే భాగాలు లేవు, అందుకే అది సులభంగా చెడదు. టేపు సంగతి వేరు. లోపల మోటారు, దాని చుట్టూ రబ్బరు బెల్టు, టేపును పట్టి లాగే చిన్న రబ్బరు చక్రం ఉంటాయి. టేపు సెకండుకు సరిగ్గా 4.76 సెంటీమీటర్ల చొప్పున నడవాలి. 1963లో ఫిలిప్స్ కంపెనీ క్యాసెట్టును లోకానికి చూపించింది మొదలు ఆ వేగం మారలేదు. ఇరవై ముప్పై ఏళ్లలో బెల్టు సాగుతుంది, కొన్నిసార్లు కరిగి నల్లటి తారులాగా అంటుకుంటుంది. చక్రం ఎండి గాజులా నున్నబడుతుంది. అప్పుడు గొంతు వణుకుతుంది, సాగుతుంది, జ్వరం వచ్చినవాడు పాడినట్టుంటుంది. మీ క్యాసెట్టు పెట్టి వీణో వేణువో సాగదీసి పలికే చోట వినండి. వణుకు అక్కడ దొరికిపోతుంది. బెల్టు మార్చడం పెద్ద ఖర్చు కాదు, కాబట్టి వణుకు ఉంటే బేరం తగ్గించుకోవచ్చు గాని వదులుకోనక్కరలేదు.

గట్టిగా పలుకుతుంది గాని మాట స్పష్టంగా లేదు, దుప్పటి కప్పుకుని మాట్లాడినట్టుంది అనుకోండి. మూత తీసి, టేపు తగిలే చోట మెరిసే చిన్న లోహపు ముక్కను చూడండి. దాన్ని హెడ్డు అంటారు. మట్టిరంగు మురికి ఉంటే సంతోషించండి, స్పిరిటులో ముంచిన దూదితో తుడిస్తే పోతుంది. అదే హెడ్డు మీద గోటికి తగిలేంత గాడి పడి ఉంటే అది అరిగిపోయింది, వదిలేయండి. ముందుకు తిప్పే మీట, వెనక్కి తిప్పే మీట రెండూ చివరిదాకా తిప్పి చూడాలి. బ్యాటరీల గది మూత తీసి తెల్లగా, పచ్చగా బూజులాంటి పొడి ఉందేమో చూడండి. కొంచెమయితే గీకుకోవచ్చు, లోపలి తీగల దాకా పాకితే వద్దు. ఇంతసేపు చూస్తుంటే వాడు విసుక్కుంటాడు. విసుక్కోనివ్వండి. చీర కొనేటప్పుడు ఇరవై మడతలు విప్పించే మనకు ఇదొక లెక్కా?

బేరంలో నా పద్ధతి ఒకటుంది. వస్తువు బాగుందని ఎన్నడూ అనను. లోపాలు ఒక్కొక్కటే చూపించి, "ఇది మారిస్తే ఎంతవుతుంది నాయనా?" అని వాడినే అడుగుతాను. వాడి నోటితోనే తరుగు లెక్క వచ్చేస్తుంది.

చూడగానే కొనాలనిపించే మెరుపు వస్తువుల జోలికి పోవద్దు. ఇత్తడి గొట్టంతో, కుక్క బొమ్మ అంటించిన గ్రామఫోనులు బజారులో చాలానే కనపడతాయి. వాటిలో ఎక్కువ భాగం ఏవో విడిభాగాలకు కొత్త పెట్టె, కొత్త గొట్టం తగిలించినవే. అలంకారానికి సరే. కాని పెద్ద ఎల్.పి. రికార్డును వాటి ఉక్కు ముల్లు కింద పెడితే రికార్డు చచ్చిపోతుంది. ఆ ముల్లు బరువైన పాత 78 రికార్డులకే. పాత వాల్వు రేడియో కొనాలనుకుంటే ఒక సంగతి. వాటిలో మీడియం వేవూ షార్ట్ వేవే ఉంటాయి, మా కర్నూలు కేంద్రంలాంటి ఎఫ్.ఎం. కేంద్రాలు అందవు. వెనక అట్ట తీసి పిల్లల్ని చెయ్యి పెట్టనివ్వకండి, కొన్ని సెట్లలో లోపలి రేకుకే కరెంటు తగులుతుంది. అప్పుడప్పుడు ఆ సెట్ల వెనక పోస్టాఫీసు లైసెన్సు పుస్తకం దొరుకుతుంది. రేడియో వినడానికి ఏటా పన్ను కట్టిన రోజులవి!

అమెరికాలో పిల్లలున్న తల్లులకు ఇంకొక మాట. అక్కడ దానంగా వచ్చిన పాత సామాన్లు అమ్మే అంగళ్లుంటాయి. పిల్లలు ముచ్చటపడి అక్కడి టేప్‌రికార్డరో రికార్డు ప్లేయరో తెస్తామంటారు. అక్కడ కరెంటు 120 వోల్టులు, మనది 230. నేరుగా పెడితే పొగే. ట్రాన్స్‌ఫార్మరు పెట్టినా, కొన్ని పాత ప్లేయర్లు అక్కడి 60 సైకిళ్లకు తిరిగేట్టు చేసినవి. మన 50 సైకిళ్లకు నెమ్మదిగా తిరిగి ఆడగొంతును మగగొంతు చేస్తాయి. బ్యాటరీలతో నడిచేదయితే తెమ్మనండి.

ఇంటికి తెచ్చాక తొందరపడవద్దు. మన గొంతున్న క్యాసెట్టు వెనక అంచున రెండు చిన్న ప్లాస్టిక్ రేకులుంటాయి. ముందు వాటిని విరిచేయండి. ఎవరైనా పొరపాటున రికార్డు మీట నొక్కినా పాత గొంతు చెరగదు. లోపల టేపును హెడ్డుకు ఆనించే చిన్న మెత్త ఊడిపోయిందేమో చూడండి. ఊడితే పాడయిన ఇంకో క్యాసెట్టులోంచి తీసి అతికించవచ్చు. వదులైన టేపును పెన్సిలు పెట్టి బిగించుకోవాలి. ఏళ్ల తరబడి కదలని టేపును ఒకసారి చివరిదాకా తిప్పి, వెనక్కి తిప్పి, ఆ తరువాతే వినాలి. వినే మొదటిసారే వైరుతో కంప్యూటరుకు కలిపి ఎక్కించుకోవాలి. రెండోసారికి టేపు తెగదని నమ్మకం లేదు. 120 నిమిషాల క్యాసెట్ల టేపు మరీ పలచన, వాటిని చివరన పెట్టుకోండి. మా సీమలో తేమ భయం తక్కువ గాని ఎండ భయం ఎక్కువ. క్యాసెట్లను కిటికీ దగ్గరా, కారు అద్దం కిందా ఉంచకూడదు.

పెద్దమ్మ క్యాసెట్లలో రెండు బాగానే పలికాయి. ఆయన చెప్పినవన్నీ బోరుబావి సంగతి, మేకల ధర, పాపకు గౌను కొన్న సంగతి. ఆమె తల ఊపుతూ విన్నది. మూడోదానికి మెత్త ఊడితే అతికించాం. దాని రెండోవైపు తిప్పగానే ఒక పడుచు గొంతు, "ఏం చేస్తాండావు? బాగుండావా?" అని మొదలుపెట్టింది. ఆమె కాసేపు ఎవరిదో పోల్చుకోలేకపోయింది. తరువాత, "ఇది నేనే గదమ్మా!" అన్నది. 1990లో తిరుగు జవాబుగా మాట్లాడి పెట్టి, కువైట్‌లో గొడవ మొదలై, పంపలేక దాచిన క్యాసెట్టు అది. ఆయన వినలేదు. తరువాత ఇంటికి వచ్చినా, ఎదురుగా మనిషే ఉన్నాడు కదా అని వినిపించనూ లేదట.

ఇప్పుడది ఆమె మనవరాలి ఫోనులో ఉంది. యంత్రం ఈ నెల మా ఇంట్లో ఉంది, వచ్చే నెల ఎదురింటి వాళ్లది. వాళ్ల పెట్టెలో పదకొండు క్యాసెట్లున్నాయని అప్పుడే లెక్కపెట్టి పెట్టుకున్నారు. సెలవు.