ఇప్పపూల వేళ మంచుకొండకు: వసంతయాత్రను గూర్చిన యోచన



తర్రెము ప్రాంతమున ఫాల్గుణము ముగియుచున్నదనగా ఇప్పపూవు రాలు కాలము వచ్చినదని అర్థము. తెల్లవారకముందే చెట్లక్రింద పూలు ఏరుకొను కుటుంబములు కనబడును. కొద్ది వారములకు తునికాకు కోత మొదలగును. బస్తరు సీమలోని బీజాపూరు జిల్లాకు చెందిన ఈ గ్రామము తెలుగునేలకు మిక్కిలి దూరమైనది కాదు. అట్టి ఎండలో, అట్టి అడవిలో ఉద్యోగము చేయువాడు మంచుమీద జారు ఆటను గూర్చి తలపోయుట వింతగా తోచవచ్చును. కాని కేంద్ర ప్రభుత్వోద్యోగికి అది అందరాని ఫలము కాదు. పద్ధతిగా యోచించినచో అందునదే.

ముందుగా ఒక కఠినసత్యము. ఈ సీమలో వసంతము సెలవుల ఋతువు కాదు. ఆకురాలి అడవి పలచబడినంతనే సాయుధ సంఘర్షణ ముమ్మరమగుట ఏండ్లతరబడి జరిగినది. 2010 ఏప్రిల్ 6న తాడిమెట్లవద్ద 76 మంది, 2021 ఏప్రిల్ 3న తర్రెము సమీపమున 22 మంది భద్రతాసిబ్బంది ప్రాణములు కోల్పోయిరి. రెండవ ఘటనలో అసువులు బాసినవారిలో ఇద్దరు ఆంధ్రప్రదేశమువారు. ఇట్టిచోట పనిచేయువానికి చేతికందిన పండ్రెండు దినముల సెలవు ధనముకంటె విలువైనది. దానిలో ఒక్క దినము వృథాయైనను ఆ నష్టము ఇంటిల్లిపాదికి చెందును. కావున యాత్రకు పెట్టుబడి రూపాయలు కాదు, దినములు.

వసంతమున మంచు ఆట అనగానే పలువురికి ఆల్ప్స్ పర్వతములు స్ఫురించును. ఆస్ట్రియాలోని హింటర్‌టుక్స్, స్విట్జర్లండులోని జెర్మాట్ వంటి తావులలో హిమానీనదములపై వేసవిలో సైతము స్కీయింగ్ చేయుదురు. జెర్మాట్ పైన తీగమార్గము 3,883 మీటర్ల ఎత్తునకు చేర్చును. కాని ఆ శాశ్వతహిమమును శాశ్వతము కాకపోవుచున్నది. 2022, 2023 సంవత్సరములలోనే స్విట్జర్లండు హిమానీనదములు తమ ఘనపరిమాణమున పదవవంతు కోల్పోయినవి. 2022 జూలై చివర జెర్మాట్‌లో వేసవి స్కీయింగును కొంతకాలము నిలిపివేయవలసి వచ్చినది.

ఇక ఖర్చు సంగతి. సెలవు ప్రయాణ రాయితీ, అనగా అందరెరిగిన ఎల్‌.టి.సి., భారతదేశములోని ప్రయాణమునకే వర్తించును. విదేశములను చుట్టివచ్చి దేశములోని ఒక ఊరిని గమ్యముగా చూపిన బ్యాంకు ఉద్యోగుల వ్యవహారములో, అట్టి ప్రయాణమునకు ఆదాయపుపన్ను మినహాయింపు లేదని సుప్రీముకోర్టు 2022 నవంబరు 4న తీర్పు చెప్పినది. కావున ఆల్ప్స్ నుండి గ్రహింపవలసినది అచటి పాఠమే. వసంతమున మంచు రాత్రి గడ్డకట్టి, ఉదయము పైపొర మెత్తబడి, మధ్యాహ్నమునకు బురదవలె మారును. ఆట ఉదయముననే ముగింపవలెను. ఎంత ఎత్తునకు పోయిన మంచు అంతకాలము నిలుచును.

ఈ పాఠమును అన్వయించుటకు మన దేశములో తగిన చోటు గుల్మార్గు. అది శ్రీనగరమునకు సుమారు 50 కిలోమీటర్ల దూరమున, 2,650 మీటర్ల ఎత్తున నున్నది. అచట స్కీ ఆటకు హిమానీనదము లేదు. ఏటేట కురియు మంచే ఆధారము. గొండోలా అను తీగబండి మొదటి దశ కొంగ్‌డూరి వరకును, రెండవ దశ అఫర్వాట్ పర్వతభుజమున దాదాపు 3,950 మీటర్లవరకును పోవును. అయినను మంచును నమ్ముకొని కన్నుమూసి బయలుదేరరాదు. 2024 జనవరిలో గుల్మార్గు మంచులేక వెలవెలబోయినది. 2025 ఫిబ్రవరిలో జరుగవలసిన ఖేలో ఇండియా శీతాకాల క్రీడలు మంచు చాలక మార్చికి వాయిదాపడినవి.

మాసము నిర్ణయించుటలో గృహస్థునకు చిక్కు కలదు. క్రింది వాలులలో మంచు మార్చి నడుమనుండి తరుగును. కేంద్రీయ విద్యాలయములలో వార్షిక పరీక్షలు మార్చిలోనే. ఏప్రిల్ ఆరంభమున క్రొత్త తరగతి. బడిపిల్లలున్నవారికి మిగులునది మార్చి చివరి వారము. అప్పుడు కొంగ్‌డూరి ఎత్తుననే ఆడుకొనుటకు సిద్ధపడవలెను. పిల్లలు లేనివారికి ఫిబ్రవరి చివర మేలు.

ఇక దినముల లెక్క. దీనిని చివరనుండి మొదటికి వేయవలెను. పండ్రెండవ దినము తిరిగి కొలువునకు చేరుటకు. పదునొకండవది ఇంటినుండి బస్తరు దారికి. పదియవది ఏ పనికిని కేటాయింపక ఉంచుకొనవలెను. వాన, మంచు, కొండచరియలు కాశ్మీరమున విమానమునైనను బాటనైనను ఆపగలవు గనుక ఈ ఖాళీదినమే యాత్రకు ప్రాణము. తొమ్మిదవది శ్రీనగరమునుండి హైదరాబాదునకు. మొదటి రెండు దినములు తర్రెము నుండి ఇల్లు చేరుటకు, మూడవది శ్రీనగరమునకు, నాలుగవది అచట విశ్రాంతికి. నడుమ మిగిలినవి నాలుగు దినములే. నాలుగే యని నొచ్చుకొనరాదు. మొదటిసారి కాళ్లకు స్కీలు కట్టినవానికి శిక్షకుని చెంత చిన్నవాలుపై నిలుచుట, ఆగుట, మలుపు తిరుగుట నేర్చుటకే మూడు ఉదయములు పట్టును.

టిక్కెట్ల విషయమున, ప్రభుత్వ వ్యయముపై పోవు విమానప్రయాణమునకు 2022 నాటి ఆర్థికశాఖ ఉత్తర్వు ప్రకారము బామర్ లారీ, అశోక్ ట్రావెల్స్, ఐ.ఆర్‌.సి.టి.సి. అను మూడింటిలో ఒకదానివద్దనే కొనవలెను. 21 దినముల ముందుగా కొనుట మంచిదని కూడ అందు కలదు. జమ్మూకాశ్మీరమునకు విమానమున పోవుటకు ఇచ్చిన ప్రత్యేకపు సడలింపు ఎప్పటికప్పుడు పొడిగింపబడునది. బయలుదేరు తేదీ ఆ గడువులో నున్నదో లేదో కార్యాలయమున ముందే తెలిసికొనవలెను. రాయితీ ప్రయాణపు ఛార్జీలకే. బస, శిక్షణ, స్కీల అద్దె సొంతఖర్చు. ముందుగా సొమ్ము తీసికొన్నచో తిరిగివచ్చిన నెలలోపల బిల్లు పెట్టవలెను.

తుదకు దేహరక్ష. నిప్పులు చెరగు ఎండనుండి మంచులోనికి పోవువాడు ఒంటికి తగులునట్లు నూలుబట్ట కాక ఉన్ని తొడుగవలెను. మంచుపై ప్రతిఫలించు ఎండ కన్నులకు, చర్మమునకు హాని; నల్లద్దములు తప్పనిసరి. అఫర్వాట్‌కు మొదటిదినముననే ఎక్కరాదు. తలనొప్పి, వాంతి కలిగినచో క్రిందికి దిగుటయే మందు. గీతదాటి తాకని వాలులలోనికి పోరాదు. 2023, 2024 ఫిబ్రవరులలో అఫర్వాట్‌పై హిమపాతములు విదేశీ క్రీడాకారులను బలిగొన్నవి.

కొండమీద గడిపిన నాలుగు ఉదయముల కంటె, పండ్రెండవనాడు క్షేమముగా, గడువులోపల కొలువు చేరుటయే ఈ యాత్రకు గెలుపు. అట్లు చేరినవానికి మరుసటి ఏడు సెలవడుగుటకు మొగము చెల్లును; వాని బిడ్డలకు మంచుపై తండ్రి పడిలేచిన నవ్వు చిరకాలము మిగులును.