మా గరాజ్‌లో కొండ సైకిలు



మౌంటెన్ బైక్ ఫ్రేమ్ ఇంట్లోనే తయారుచేశానని చెబితే మనవాళ్ళు వరసగా రెండు ప్రశ్నలు వేస్తారు. ఒకటి, "ఎంతయింది?" రెండు, "ఆ డబ్బుకి కొత్తదే వచ్చేది కదా?" స్టీలు గొట్టాలకీ, చిన్నాచితకా భాగాలకీ 300 డాలర్ల లోపే అయింది. పనిముట్లు కూడా కలిపితే, అవును, కొత్తదే వచ్చేది. కాబట్టి డబ్బు మిగులుతుందేమోనని వింటున్నవారు ఇక్కడితో రేడియో కట్టేయవచ్చు! మూడో ప్రశ్న మా మామగారు వేశారు. "అల్లుడుగారూ, దీన్ని మా అమ్మాయి ఎక్కాలా?" అసలు ప్రశ్న అదీ.

ఎందుకంటే ఆ ఫ్రేమ్ మా ఆవిడ కోసమే. తన ఎత్తు 4 అడుగుల 11 అంగుళాలు. మేం చూసిన చిన్న సైజుల్లో కూడా పై గొట్టం ఎత్తుగానే ఉంది. రాళ్ళదారిలో ఠక్కున ఆగి కాళ్ళు కింద పెట్టాలంటే ఇబ్బంది. ఒక దుకాణంలో అయితే పిల్లల సైకిలు చూసుకోమన్నారు. ఇంటికొచ్చి టేపు తీసుకుని తన కొలతలు తనే రాసిచ్చింది.

మేం ఉండేది ఫ్రీమాంట్‌లో. ఉత్తరాన, బే దాటితే మరిన్ కౌంటీ. 1970లలో అక్కడి టామల్‌పైస్ కొండ చుట్టుపక్కల కుర్రాళ్ళు పాత బరువు సైకిళ్ళ మీద మట్టిదారుల్లో దిగేవారు. 1976లో వాళ్ళు మొదలుపెట్టిన పందేనికి రీప్యాక్ అని పేరు. కిందికి వచ్చేసరికి వెనక హబ్ బ్రేకులో గ్రీజు పొగై పోయేది, మళ్ళీ నింపుకోవాల్సి వచ్చేది, అందుకని ఆ పేరు. 1977లో జో బ్రీజ్ అనే ఆయన కొండదారి కోసమే ప్రత్యేకంగా ఫ్రేమ్ చేశాడు, క్రోమోలీ స్టీలు గొట్టాలతో. నేను వాడిందీ ఆ జాతి ఉక్కే. అందులో క్రోమియం, మాలిబ్డినం కొద్దికొద్దిగా ఉంటాయి.

ఇంట్లో చేయదలిస్తే స్టీలే ఎందుకంటే, సైకిళ్ళలో ఎక్కువగా వాడే 6061 రకం అల్యూమినియంని వెల్డ్ చేశాక మొత్తం ఫ్రేమ్‌ని పెద్ద కొలిమిలో పెట్టి మళ్ళీ గట్టిపరచాలి. కార్బన్‌లో లోపం లోపలే దాక్కుంటుంది. స్టీలుని ఆకురాయితో రుద్దుకోవచ్చు, అతుకు పెట్టుకోవచ్చు, కోసి చూసుకోవచ్చు.

ఆ అతుకు గురించి కాస్త వివరంగా చెప్పాలి. మీ ఊళ్ళో కంసాలి పనిచేస్తుంటే ఎప్పుడైనా కూర్చుని చూశారా? వెలిగారం అద్ది, ఊదుగొట్టంతో మంట తగిలించి, టంకం కరిగిస్తాడు. నగ కరగదు, టంకమే కరుగుతుంది. నేను చేసింది అచ్చంగా అదే! ఇంగ్లీషులో బ్రేజింగ్ అంటారు. ఉక్కు కరగాలంటే 1400 డిగ్రీల సెల్సియస్ దాటాలి. నేను వాడిన ఇత్తడి కడ్డీ 900 దగ్గర కరుగుతుంది. ఇక్కడ కూడా తుప్పు పట్టనివ్వకుండా పూసే పూతలో ఉండేది ప్రధానంగా వెలిగారమే. అది గాజులా పలచబడి మెరిసిందంటే వేడి అందుతోందన్నమాట. గొట్టం చింతనిప్పు రంగు దాటి నారింజలోకి వస్తుండగా కడ్డీ ఆనించాలి. మంట ఎటు జరిపితే కరిగిన ఇత్తడి అటు పారుతుంది. తెల్లపొగ లేచిందంటే ఇత్తడిలో జింకు ఆవిరైపోతోందని, వెంటనే మంట వెనక్కి లాగాలి. ఆ పొగ పీలిస్తే రాత్రికి జ్వరం ఖాయం. అందుకే గరాజ్ తలుపు బార్లా తీసి, కారు బయటపెట్టి, పక్కన ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ పెట్టుకునే మొదలుపెట్టేవాణ్ణి.

మంటకి ప్రొపేన్ సిలిండరు, దానికి తోడు ఒక పాత ఆక్సిజన్ కాన్సంట్రేటర్. ఇక్కడ ఇంట్లో ఫ్రేములు చేసుకునేవాళ్ళు చాలామంది ఇదే వాడతారు. 2021లో ఈ యంత్రం పేరు మనలో ఎంతమందికి ఎలాంటి ఫోన్‌కాల్స్‌లో తెలిసిందో మీకు చెప్పక్కర్లేదు. మా ఇంట్లో దాన్ని ఆన్ చేస్తే మొదటి రెండు రోజులూ మా అత్తగారు గరాజ్ వైపు రాలేదు.

ఇక మామగారి ప్రశ్న. ఆయన ఆర్టీసీ డిపోలో 30 ఏళ్ళు మెకానిక్‌గా చేశారు. నోటిమాట వింటే నమ్మే రకం కాదు. నేను అప్పటికి ముక్కల మీద పన్నెండు అతుకులు సాధన చేసి పెట్టుకున్నాను. ఆయన అందులో తనకిష్టమైనవి మూడు ఏరి, "కొయ్యండి" అన్నారు. హాక్సాతో నిలువునా కోశాం. రెండు గొట్టాల మధ్య ఇత్తడి గీత ఎక్కడా తెగకుండా ఉందా లేదా అని కళ్ళద్దాలు సరిచేసుకుని మరీ చూశారు. నాలుగోదాన్ని వైస్‌లో బిగించి, పొడుగాటి పైపు తొడిగి, ఇద్దరం కలిసి వంచాం. గొట్టం అతుకు పక్కన నలిగి ముడతపడింది. అతుకు చెక్కుచెదరలేదు. ఆయన "ఊఁ" అన్నారు. మా మామగారి దగ్గర అది పెద్ద సర్టిఫికెట్!

ఆ మర్నాటి నుంచి గొట్టాల చివరలు రుద్దే పని ఆయనదే. ఒక గొట్టం ఇంకోదాన్ని ఆనుకునేచోట దాని చివర అర్ధచంద్రాకారంగా ఉండాలి, మధ్యలోంచి దీపం వెలుతురు కనపడకూడదు. గొట్టం మందం చివరల్లో 0.8 మిల్లీమీటర్లు, అంటే దాదాపు మీ జేబులో క్రెడిట్ కార్డంత. మధ్యలో 0.5 మాత్రమే. రోడ్డు సైకిళ్ళకి గొట్టాలు దూర్చి అతికే రెడీమేడ్ లగ్గులు దొరుకుతాయి కానీ మా కోణాలకి దొరకవు. మా ముందు గొట్టం వాలు 67 డిగ్రీలు. అందుకని ప్రతి మూలలోనూ ఇత్తడిని గుండ్రంగా పోసి నింపాల్సిందే.

వంకర ఉందో లేదో చూడటానికి దారం చాలు. వెనక చక్రం బిగించే ఒక కొసన కట్టి, హెడ్ ట్యూబ్ చుట్టూ తిప్పి, రెండో కొసకి లాగి కట్టాలి. సీటు గొట్టానికి అటూ ఇటూ దారం ఎంత దూరంలో ఉందో కొలవాలి. మాకు తేడా అర మిల్లీమీటరు వచ్చింది. మామగారు నన్ను నమ్మక, మళ్ళీ దారం విప్పి తనే కట్టి కొలిచారు.

మొదటి సవారీ చైనా క్యాంప్ స్టేట్ పార్కులో. మా ఆవిడ నాకంటే ముందు వెళ్ళింది. మలుపు దగ్గర వేరు అడ్డొస్తే ఆగి, రెండు కాళ్ళూ నేలకి ఆన్చి నిలబడి, వెనక్కి తిరిగి "ఏమండీ, అందాయి!" అని కేకేసింది. నేనైతే హెడ్ ట్యూబ్ కింది అతుకు దగ్గర్నుంచి కళ్ళు తిప్పలేదు.

ఫ్రేమ్‌కి ఇంకా రంగు వేయించలేదు. పలచగా పారదర్శకమైన లక్క కొట్టి వదిలేశాం, ఇత్తడి మూలలన్నీ బయటికే కనిపిస్తున్నాయి. ఒక ఏడాది తొక్కి, ప్రతి నెలా అతుకులు తుడిచి పగుళ్ళు చూసుకున్నాకే రంగు అని మామగారి ఆర్డరు. నెల మొదటి ఆదివారం గుంటూరు నుంచి వీడియో కాల్ వస్తుంది. నేను ఫోను దగ్గరగా పట్టుకుని ఒక్కో అతుకూ చూపించాలి. ఇప్పటికి ఏడు నెలలయింది.