హార్డ్ డిస్క్ ముట్టని లినక్స్

కంప్యూటర్‌లో ఇన్‌స్టాల్ చేయనక్కర్లేకుండా సీడీ నుంచో పెన్‌డ్రైవ్ నుంచో నేరుగా నడిచే లినక్స్‌ను లైవ్ లినక్స్ అంటారు. పెన్‌డ్రైవ్ పెట్టి మెషిన్ ఆన్ చేస్తే లినక్స్ వస్తుంది. ఆఫ్ చేసి పెన్‌డ్రైవ్ తీసేస్తే, లోపలున్న విండోస్ ఎక్కడిదక్కడే ఉంటుంది. ఈ ఏర్పాటు వయసు ముప్పై ఏళ్లు దాటింది. చేసిన పనేదీ గుర్తుపెట్టుకోకపోవడం మొదట్లో దీని లోపం. తర్వాతి కాలంలో కొందరు దీన్ని వెతుక్కుంటూ వచ్చింది ఆ లోపం కోసమే.

1991లో హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ కెర్నల్‌ను, అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి ప్రోగ్రాంను, విడుదల చేసేనాటికి దాన్ని నడపడమే ఒక సాధన. మరుసటి ఏడాది హెచ్. జె. లూ తయారుచేసిన రెండు ఫ్లాపీలు వచ్చాయి. ఒకటి బూట్ ఫ్లాపీ, రెండోది రూట్ ఫ్లాపీ. మొదటిది పెట్టి మెషిన్ ఆన్ చేస్తే కెర్నల్ మెమరీలోకి ఎక్కేది. తెర మీద అడిగినప్పుడు అది తీసి రెండోది పెట్టాలి. ఇంత చేస్తే కనిపించేది నల్లటి తెర మీద ఒక కమాండ్ లైన్. దాన్ని హార్డ్ డిస్క్‌లోకి ఎక్కించుకోవడం వాడేవాళ్ల తంటా. డిస్క్‌ను పార్టిషన్లుగా విడగొట్టేటప్పుడు ఒక్క అంకె తప్పితే అందులో ఉన్నదంతా పోయేది. ఇంట్లో ఉన్నది ఒక్కటే కంప్యూటర్ అయినప్పుడు ఆ సాహసం అందరూ చేయగలిగింది కాదు.

1992 డిసెంబరులో కాలిఫోర్నియాలోని ఇగ్‌డ్రాసిల్ సంస్థ లినక్స్‌ను సీడీ మీద తెచ్చింది. సీడీ నుంచే నడిపి చూసుకోగలిగిన తొలి లినక్స్‌గా చరిత్రలో దాని పేరే నిలిచింది. ఆలోచన బాగానే ఉంది కానీ యంత్రాలు దానికి సిద్ధంగా లేవు. ఆనాటి పీసీలకు సీడీ నుంచి బూట్ కావడం తెలియదు కనుక మొదట ఒక ఫ్లాపీ పెట్టక తప్పేది కాదు. తొలి సీడీ డ్రైవ్‌లు సెకనుకు 150 కిలోబైట్లు మాత్రమే చదివేవి. ప్రోగ్రాం పేరు మీద నొక్కి, అది తెరుచుకునేదాకా చేతులు కట్టుకుని కూర్చోవాలి.

ఫ్లాపీ అవసరాన్ని తప్పించింది 1995 జనవరిలో వచ్చిన ఎల్ టొరిటో ప్రమాణం. ఫీనిక్స్ టెక్నాలజీస్, ఐబీఎం ఇంజనీర్లు కలిసి దాన్ని రాశారు. కాలిఫోర్నియాలోని ఒక మెక్సికన్ రెస్టారెంట్‌లో భోజనం చేస్తూ ఆ రూపకల్పన చేశారనీ, ఆ రెస్టారెంట్ పేరే దానికి పెట్టారనీ చెబుతారు. మెషిన్ ఆన్ కాగానే మొదట పనిచేసే బయోస్ ఒక సీడీని చూసి, ఇందులో బూట్ చేయదగిన భాగం ఎక్కడుందో ఎలా తెలుసుకోవాలన్నదే ఆ ప్రమాణం సారాంశం. కొద్ది ఏళ్లలోనే కొత్త మదర్‌బోర్డులన్నిటిలోకీ అది చేరిపోయింది.

ఫ్లాపీలు మాత్రం వెంటనే కనుమరుగు కాలేదు. 1990ల చివర్లో టామ్ ఓసర్ చేసిన టామ్స్‌ఆర్‌టీబీటీ అనే ఒక్క ఫ్లాపీ లినక్స్‌కు సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్లలో మంచి పేరుండేది. మామూలుగా 1.44 మెగాబైట్లు పట్టే ఫ్లాపీని ప్రత్యేకంగా ఫార్మాట్ చేసి 1.72 మెగాబైట్లు పట్టించారు. సర్వర్ బూట్ కాకపోయినా, రూట్ పాస్‌వర్డ్ మరిచిపోయినా జేబులోంచి తీసేది ఆ ఫ్లాపీనే. అదే కాలంలో శాన్‌ఫ్రాన్సిస్కోలోని లినక్స్‌కేర్ సంస్థ విజిటింగ్ కార్డు సైజు సీడీ మీద లినక్స్‌ను పెట్టి పంచింది. అందులో పట్టేది సుమారు 50 మెగాబైట్లు. అంత తక్కువ చోటులో సరిపెట్టడానికి రస్టీ రస్సెల్ క్లూప్ అనే డ్రైవర్ రాశారు. సీడీ మీద సమాచారాన్ని కుదించి పెట్టి, చదివేటప్పుడు అవసరమైన ముక్కను మాత్రమే అప్పటికప్పుడు విప్పడం దాని పని.

చూడటానికి ఇది చోటు ఆదా చేసే చిట్కాలా కనిపిస్తుంది గానీ, అసలు లాభం వేగంలో ఉంది. సీడీ డ్రైవ్ కన్నా ప్రాసెసర్ ఎన్నో రెట్లు చురుకైనది. పూర్తి ఫైలును నెమ్మదైన సీడీ నుంచి లాగడం కన్నా, కుదించిన చిన్న ఫైలును లాగి ప్రాసెసర్‌తో విప్పించుకోవడమే త్వరగా అయిపోతుంది. లైవ్ సీడీని సామాన్యుడు ఓపిక పట్టి వాడగలిగే స్థితికి తెచ్చింది ఈ లెక్కే. ఫ్రాన్స్‌లో రాబర్టో డి కాస్మో బృందం చేసిన డెమోలినక్స్ ఈ దశలోదే. ఇన్‌స్టాల్ చేయకుండా లినక్స్ చూపించడమే దాని లక్ష్యమని పేరులోనే ఉంది.

దీన్ని జనంలోకి తీసుకెళ్లింది మాత్రం క్నాపిక్స్. జర్మనీకి చెందిన క్లాస్ క్నాపర్ డెబియన్ అనే లినక్స్ డిస్ట్రో (పంపిణీకి సిద్ధం చేసిన రూపం) ఆధారంగా తయారుచేసి 2000 సెప్టెంబరులో విడుదల చేశారు. క్లూప్ డ్రైవర్ నిర్వహణ బాధ్యతా తర్వాత ఆయనే చూసుకున్నారు. 700 మెగాబైట్ల సీడీలో సుమారు రెండు గిగాబైట్ల సాఫ్ట్‌వేర్ పట్టింది. డెస్క్‌టాప్, ఆఫీసు పనుల సాఫ్ట్‌వేర్, బ్రౌజర్, ఫొటోలు దిద్దే గింప్, డిస్క్ రిపేరు పనిముట్లు అన్నీ అందులోనే.

క్నాపిక్స్ గొప్పతనం సరుకు ఎక్కువ పట్టించడం ఒక్కటే అయితే అంత పేరు వచ్చేది కాదు. ఆ రోజుల్లో లినక్స్ పెట్టుకునేవాళ్లు మానిటర్ ఎంత ఫ్రీక్వెన్సీ తట్టుకుంటుందో మాన్యువల్ చూసి కాన్ఫిగరేషన్ ఫైల్‌లో చేత్తో రాయాల్సి వచ్చేది. అంకెలు తప్పు రాస్తే కొన్ని పాత మానిటర్లు దెబ్బతినే ప్రమాదం కూడా ఉండేది. సౌండ్ కార్డు, నెట్‌వర్క్ కార్డు, మౌస్, ఒక్కోదానికీ ఒక్కో తలనొప్పి. క్నాపిక్స్ వీటన్నిటినీ తనే కనిపెట్టేది. ఇందుకు రెడ్‌హ్యాట్ వారి కుడ్జు లైబ్రరీ మీద ఆధారపడిన హెచ్‌డబ్ల్యూసెటప్ అనే చిన్న ప్రోగ్రాం వాడేవారు. సీడీ పెట్టి ఆన్ చేస్తే ముందు బూట్ అన్న మాట కనిపించేది. ఊరికే ఎంటర్ కొడితే రంగురంగుల అక్షరాలతో పరికరాల పేర్లు వరసగా వచ్చేవి. కాసేపటికి, పాస్‌వర్డ్ ఏదీ అడగకుండానే డెస్క్‌టాప్ తెరుచుకునేది. బూట్ పక్కన క్నాపిక్స్ టుర్యామ్ అని టైపు చేస్తే సీడీ మొత్తం ర్యామ్‌లోకి ఎక్కేది, ఆ తర్వాత సీడీ బయటికి తీసేసినా పని ఆగేది కాదు. ఇలాంటి ఆదేశాలను చీట్‌కోడ్‌లు అనేవారు. లినక్స్ అంటే భయపడేవారికి ఈ సీడీ ఒక్కసారి చూపిస్తే చాలు, మరో వాదన అక్కర్లేకపోయింది. డేటా కోల్పోయినవారికీ అది ఆపద్బాంధవి అయింది. విండోస్ పైకి లేవని మెషిన్‌ను క్నాపిక్స్‌తో బూట్ చేసి, ఫైళ్లను ఇంకో డిస్క్‌లోకి కాపీ చేసుకోవడం రిపేరు షాపుల్లో రోజూ జరిగే పని. క్నాపర్ భార్యకు చూపు సమస్య ఉండటంతో, తెర మీది విషయాన్ని చదివి వినిపించే అడ్రియన్ అనే ఆడియో డెస్క్‌టాప్ కూడా క్నాపిక్స్‌లో చేరింది. అడ్రియన్ అన్నది ఆమె పేరే.

అయినా ఒక చిక్కు మిగిలింది. సీడీ మీద రాయడం కుదరదు. యూజర్ ఫైళ్లు, తాత్కాలిక ఫైళ్లు మాత్రం ర్యామ్‌లో ఉండేవి గానీ, కొత్త సాఫ్ట్‌వేర్ వేసుకోవాలంటే చాలా తిప్పలు పడాలి. 2005లో వచ్చిన క్నాపిక్స్ 3.8 దీన్ని పరిష్కరించింది. అమెరికాలోని స్టోనీ బ్రూక్ విశ్వవిద్యాలయంలో ఎరెజ్ జాడోక్ బృందం రూపొందించిన యూనియన్‌ఎఫ్‌ఎస్‌ను అందులో వాడారు. అచ్చుపుస్తకం పేజీ మీద ట్రేసింగ్ పేపర్ పరిచి దాని మీద దిద్దుబాట్లు రాసుకున్నట్టుగా, చదవడానికి మాత్రమే వీలున్న సీడీ మీద రాయడానికి వీలున్న ర్యామ్ పొరను పరుస్తుంది ఈ పద్ధతి. ఏదైనా ఫైలు మార్చబోతే దాని నకలు పై పొరలోకి వస్తుంది, మార్పు నకలుకే జరుగుతుంది. వాడేవారికి రెండు పొరలూ కలిసి ఒకటే డిస్క్‌లా కనిపిస్తాయి. మెషిన్ ఆపగానే పై పొర పోతుంది. ఇదే పని చేసే ఓవర్‌లేఎఫ్‌ఎస్ 2014లో లినక్స్ కెర్నల్‌లోనే భాగమైంది. కుదించి దాచే పనిని క్లూప్ బదులు ఫిలిప్ లాఫర్ రాసిన స్క్వాష్‌ఎఫ్‌ఎస్ అందుకుంది. ఈనాటి లైవ్ లినక్స్‌లలో ఎక్కువ భాగం ఈ రెండింటి మీదే నడుస్తున్నాయి.

క్నాపిక్స్ తర్వాత లైవ్ సీడీలు ఇబ్బడిముబ్బడిగా పుట్టాయి. 50 మెగాబైట్ల హద్దు దాటకూడదని పట్టుబట్టినది డామ్ స్మాల్ లినక్స్. ఆస్ట్రేలియాకు చెందిన బారీ కౌలర్ 2003లో మొదలుపెట్టిన పప్పీ లినక్స్ మొత్తం ర్యామ్‌లోనే నడిచి, ఆపేటప్పుడు చేసిన పనిని అదే సీడీలో మిగిలిన చోట రాసుకోగలిగేది. అప్పటికే పాతబడిన మెషిన్లకు దానితో కొంతకాలం ఆయుష్షు పోసినవారున్నారు.

2004 అక్టోబరులో ఉబుంటు మొదటి విడుదల వచ్చినప్పుడు ఇన్‌స్టాల్ సీడీ వేరు, లైవ్ సీడీ వేరు. షిపిట్ పథకం కింద ఈ రెండు సీడీల కవరు ఇండియాతో సహా ఎన్నో దేశాలకు పోస్టులో ఉచితంగా వచ్చేది. 2011లో ఆ పథకం ఆగిపోయింది. గంటల తరబడి డౌన్‌లోడ్ చేయగల ఇంటర్నెట్ ఇళ్లలో లేని కాలంలో, ఆ కవరు విలువ అందుకున్నవారికే తెలుసు. 2006 జూన్‌లో వచ్చిన 6.06 విడుదలతో రెండు సీడీలూ ఒకటయ్యాయి. ముందు లైవ్‌గా నడిపి చూసి, నచ్చితే డెస్క్‌టాప్ మీది ఇన్‌స్టాల్ గుర్తు నొక్కితే సరిపోయేది. వారెన్ వుడ్‌ఫోర్డ్ చేసిన మెపిస్ అంతకు ముందే ఈ దారి తొక్కినా, దాన్ని అందరికీ అలవాటు చేసింది ఉబుంటే. ఈ మార్పు వల్ల ఇన్‌స్టాలర్ పనీ తేలికైంది. ప్యాకేజీలను ఒక్కొక్కటిగా పేర్చే బదులు, సిద్ధంగా ఉన్న లైవ్ వ్యవస్థను విప్పి హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేస్తే చాలు.

సీడీల కాలం ముగిసి పెన్‌డ్రైవ్‌లు రావడంతో లైవ్ లినక్స్ స్వభావమే మారింది. పెన్‌డ్రైవ్ మీద రాయవచ్చు కాబట్టి, పై పొరను ర్యామ్‌లో కాకుండా పెన్‌డ్రైవ్‌లోనే భద్రపరిచే పర్సిస్టెన్స్ ఏర్పాటు వచ్చింది. 2008లో ఫెడోరా 9 దీన్ని తనతోనే అందించింది. సీడీ మొత్తాన్ని ఒకే ఫైలుగా మార్చిన ఐఎస్‌ఓ ఫైలును పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించడానికి యూనెట్‌బూటిన్, రూఫస్ వంటి పనిముట్లు వచ్చాయి. 2020లో వచ్చిన వెంటాయ్‌తో ఆ కష్టమూ తగ్గింది. ఒకసారి పెన్‌డ్రైవ్‌ను దానికి తగినట్టు సిద్ధం చేసుకుంటే, ఎన్ని ఐఎస్‌ఓ ఫైళ్లనైనా మామూలుగా కాపీ చేసి పెట్టుకుని, బూట్ సమయంలో కావలసినది ఎంచుకోవచ్చు.

ఒకవైపు గుర్తుపెట్టుకోవడానికి ఇన్ని ఏర్పాట్లు జరుగుతుండగా, మరోవైపు మరుపు కోసమే ఒక లైవ్ లినక్స్ పుట్టింది. అదే టెయిల్స్. 2009లో అమ్నీసియా పేరుతో, అంటే మతిమరుపు అన్న అర్థంతో మొదలైంది. ఇంటర్నెట్ రాకపోకలన్నిటినీ వాడేవారి ఆచూకీ దాచే టార్ నెట్‌వర్క్ గుండా మళ్లించి, ఆపేటప్పుడు ర్యామ్‌ను తుడిచేస్తుంది. 2013లో అమెరికా నిఘా సంస్థ నుంచి ఎడ్వర్డ్ స్నోడెన్ బయటపెట్టిన రహస్య పత్రాల మీద పనిచేసిన పాత్రికేయులు దీన్ని వాడటంతో లోకానికి తెలిసింది. కావాలనుకున్నవారి కోసం తాళం వేసిన నిల్వ భాగం కూడా ఇందులో ఉంది గానీ, అడిగితే తప్ప అది తెరుచుకోదు.

2012లో విండోస్ 8తో పాటు వచ్చిన సెక్యూర్ బూట్ లైవ్ లినక్స్‌కు అడ్డం పడింది. గుర్తింపు పొందిన డిజిటల్ సంతకం లేనిదేదీ బూట్ కాకూడదన్నది దాని నియమం. మాథ్యూ గారెట్ రాసిన షిమ్ అనే చిన్న బూట్ ప్రోగ్రాంకు మైక్రోసాఫ్ట్ సంతకం తీసుకోవడం ద్వారా ప్రధాన డిస్ట్రోలు ఆ గండం గట్టెక్కాయి. చిన్న డిస్ట్రోలలో కొన్నింటికి సెక్యూర్ బూట్‌ను ఆపక తప్పదు. విండోస్‌లో డిస్క్‌కు తాళం వేసే బిట్‌లాకర్ ఉంటే ఆ సెట్టింగ్ మార్చాక రికవరీ కీ అడగవచ్చు కనుక, ముందే దాన్ని రాసిపెట్టుకోవాలి.

2025 అక్టోబరు 14న విండోస్ 10కు మద్దతు ముగియడంతో, విండోస్ 11కు అర్హత లేని లాప్‌టాప్‌ల యజమానులకు లైవ్ లినక్స్ మళ్లీ పనికొస్తోంది. ఐఎస్‌ఓ కోసం సిద్ధం చేసేటప్పుడు పెన్‌డ్రైవ్‌లో ఉన్నదంతా సాధారణంగా చెరిగిపోతుంది, కాబట్టి ఖాళీది వాడాలి. బూట్ మెనూ కోసం నొక్కాల్సిన మీట కంపెనీని బట్టి మారుతుంది, ఎక్కువగా ఎఫ్12 గానీ ఎస్కేప్ గానీ. డెస్క్‌టాప్ వచ్చాక ముందు చూడాల్సింది వైఫై. పరికరానికి కావలసిన ఫర్మ్‌వేర్ ఫైళ్లు లేక వైఫై అందకపోవడం ఒకప్పుడు డెబియన్ వాడేవారికి నిత్యం ఎదురయ్యేది. 2023లో వచ్చిన డెబియన్ 12 నుంచి ఆ ఫైళ్లు అధికారిక ఐఎస్‌ఓలోనే ఉంటున్నాయి. ఆ తర్వాత శబ్దం, కెమెరా, ప్రింటర్, మూత వేసి తీస్తే మెషిన్ మేల్కొంటుందా అన్నది. సెట్టింగ్స్‌లో తెలుగు కీబోర్డు జతచేసి నాలుగు వాక్యాలు టైపు చేస్తే ఒత్తులు, గుణింతాలు సరిగా కూడుతున్నాయో లేదో తెలిసిపోతుంది.

వేగం విషయంలో మాత్రం ఈ పరీక్షను నమ్మడానికి లేదు. పాత పెన్‌డ్రైవ్ నుంచి ఈడ్చుకుంటూ నడిచినది ఎస్ఎస్‌డీ మీద ఇన్‌స్టాల్ చేశాక చురుగ్గా ఉండవచ్చు. ఎన్‌విడియా గ్రాఫిక్స్ కార్డులకు కంపెనీ డ్రైవర్ చాలాసార్లు ఇన్‌స్టాల్ చేశాకే వేసుకోవాల్సి ఉంటుంది. అందుచేత వాటితో ఆటలు ఎలా నడుస్తాయో లైవ్‌లో చూసి తేల్చడం కుదరదు.